కుర్చీ దిగిన సర్జన్

పుస్తకంలో ఒకటి రాసి ఉండి, కళ్ళ ముందు మరొకటి కనబడితే మీరు దేన్ని నమ్ముతారు? ఈ సభకు వచ్చిన పిల్లలూ పెద్దలూ, తొందరపడి "కళ్ళనే" అనకండి. నేనూ అలాగే అనేదాన్ని. మా నాన్న నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని హేతువాద సభలకు తీసుకెళ్ళేవాడు. జాతకాలనీ బాబాలనీ వేదిక మీద చీల్చి చెండాడే మాటలు వింటూ పెరిగాను. హైస్కూలు దాటేసరికే ఎదుటివాడి నోరు మూయించడం బాగా వచ్చేసింది. చూడడం మాత్రం రాలేదు. అందుకు నేను సౌదీ అరేబియాలో, యెమెన్ సరిహద్దు పక్కనున్న నజ్రాన్ దాకా వెళ్ళాల్సి వచ్చింది.

అక్కడ ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేశాను. గల్ఫ్ యుద్ధం వచ్చినప్పుడు అక్కడే ఉన్నాను. క్షిపణులు మా మీద పడలేదు. రియాద్ వైపూ తూర్పు తీరం వైపూ పడుతున్నాయని రేడియోలో వినేవాళ్ళం. అయినా కిటికీ అద్దాలకు టేపులు అంటించాం. మాకు యుద్ధమంటే మనుషులు కనబడకుండా పోవడం. వాళ్ళ ప్రభుత్వం ఇరాక్‌ను వ్యతిరేకించలేదని సౌదీ వాళ్ళు షరతులు బిగిస్తే, ముందు యెమెనీలు వెళ్ళిపోయారు. అప్పటిదాకా మా ఆసుపత్రిలో వంట చేసిందీ, స్ట్రెచర్లు తోసిందీ వాళ్ళే. ఆ తర్వాత స్ట్రెచర్లు నర్సులమే తోసుకున్నాం. సెలవు మీద వెళ్ళిన డాక్టర్లలో చాలామంది తిరిగి రాలేదు. యుద్ధం ముగిశాక ఆ ఖాళీల్లోకి వచ్చినవాళ్ళలో ఒక ఇటలీ సర్జన్ ఉన్నాడు. సొంత ఊరు పదువా. చేతుల ఆపరేషన్లు చేసేవాడు.

మా చీఫ్ సర్జన్ హైదరాబాదీ. నేను చూసిన సర్జన్లలో అంత చురుకైన చేతులు మరొకరికి లేవు. అంతకంటే గొప్పది ఆయన జ్ఞాపకశక్తి. ఏ జబ్బు గురించి అడిగినా, అది పుస్తకంలో ఎక్కడుందో, కుడి పేజీయో ఎడమ పేజీయో, పక్కన బొమ్మ ఉందో లేదో కూడా చెప్పేవాడు. చర్చల గదిలో ఆయనకొక ఎత్తయిన తిరుగుడు కుర్చీ ఉండేది. ఆయన అందులో కూర్చుని కళ్ళు మూసుకుని పుస్తకం అప్పజెబుతుంటే మేమంతా చుట్టూ నిలబడి వినేవాళ్ళం. మంచి మనిషి. ఎవరి మీదా గొంతు పెంచడు. రౌండ్స్‌లో మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఫైలు చూసి వెళ్ళిపోయేవాడు. ఆడవాళ్ళయితే దగ్గరికే వెళ్ళడు. ఏదైనా ఉంటే నా చేత అడిగించేవాడు. అది మర్యాద అని ఆయన నమ్మకం. ఆ ఊళ్ళో చాలామంది దాన్ని మర్యాదే అన్నారు కూడా.

ఇటలీ ఆయన పద్ధతి వేరు. పేషెంటు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు. చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. ఆ తర్వాత జేబులోంచి పెన్సిలు తీసి ఆ చేతి బొమ్మ గీస్తాడు. గీసేదాకా కత్తి గురించి మాట్లాడడు. బయట క్యూ పెరిగిపోతుంటే మాకు తల తిరిగేది. "మనం అడిగింది సర్జన్‌ని. వీళ్ళు ఆర్టిస్టును పంపిన్రు" అని చీఫ్ నవ్వేవాడు. ఆ మాట అతని చెవిన పడేలాగే అనేవాడు. అతనూ నవ్వేవాడు.

ఒకసారి టీ తాగుతూ ఎందుకలా గీస్తావని అడిగాను. అతను చెప్పిన కథ నాకు ఇప్పటికీ గుర్తుంది. పాతకాలంలో వాళ్ళ దేశంలో వైద్య విద్యార్థులకు శరీరం గురించి ఎలా చెప్పేవారంటే, ప్రొఫెసరు ఎత్తయిన కుర్చీలో కూర్చుని వందల ఏళ్ళనాటి గ్రంథం చదివేవాడు. కింద బల్ల మీద శవాన్ని ఒక మంగలి కోసేవాడు. ఇంకొకడు కర్రతో చూపించేవాడు. చదివేవాడు కిందికి చూడడు. కోసేవాడికి చదువు రాదు. ఆ గ్రంథం రాసిన మహానుభావుడు కోసి చూసింది ఎక్కువగా కోతులనీ పందులనీ. కాబట్టి బల్ల మీద మనిషిలో ఉన్నది గ్రంథంలో ఉండేది కాదు. అప్పుడు ఏమనేవారో తెలుసా? శవానిదే తప్పు అనేవారు. ఆ కాలం మనుషులు ఇప్పటికి మారిపోయి ఉంటారు, గ్రంథం మాత్రం తప్పు కాదు అనేవారు.

తర్వాత ఇటలీలో ఒక గాలి వీచింది. బొమ్మలు గీసేవాళ్ళు భుజం కింద కండ ఎలా ఉంటుందో తెలియక గీయలేక, శవాలను కోసి చూడడం మొదలుపెట్టారు. వాళ్ళకు గ్రంథంతో పని లేదు, కనబడినట్టు గీయడమే పని. ఒక తరం తిరిగేసరికి పదువాలోనే ఒక కుర్ర ప్రొఫెసరు కుర్చీ దిగి వచ్చి, మంగలి చేతిలోని కత్తి తను తీసుకున్నాడు. కోసిందల్లా చిత్రకారుల చేత గీయించాడు. గరాటులా కిందికి దిగే చెక్క మెట్ల గదిని కట్టి, అందరూ కింద ఉన్న బల్లకేసి చూసేలా చేసింది ఆ తర్వాతి వాళ్ళు. ఆ గది ఇప్పటికీ ఉంది. చిన్నప్పుడు అతన్ని వాళ్ళమ్మ తీసుకెళ్ళి చూపించిందట.

నాకు ఆయుధం దొరికినట్టయింది. మీ మతగురువులు అడ్డుపడి ఉంటారే, వాళ్ళను ఎదిరించి చేశారన్నమాట అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. అంత సులువు కథ కాదన్నాడు. చాలాచోట్ల అనుమతి ఇచ్చారు. ఉరి తీసిన వాళ్ళ శవాలను ప్రభుత్వమే పంపేది. "అడ్డుపడింది మతమొక్కటే అయితే నాకు ఇంత సిగ్గుగా ఉండేది కాదు" అన్నాడు. సిగ్గెందుకన్నాను. "ఆ బల్ల మీదికి ఎవరూ ఇష్టపడి రాలేదు. ఉరి తీసినవాళ్ళు, ఏడ్చేవాళ్ళు లేనివాళ్ళు, ఆసుపత్రిలో పోయిన దిక్కులేని వాళ్ళు. మా పునరుజ్జీవనమంతా వాళ్ళ మీద నేర్చుకున్నదే. వాళ్ళ బొమ్మలున్నాయి. పేర్లు లేవు." ఎత్తిన ఆయుధం దించేశాను. అది నాకు కొత్త.

కడప జిల్లా నుంచి వచ్చిన ఒకావిడ మా దగ్గరికి చేరింది ఆ ఏడాదే. ఒక ఇంట్లో పనికి కుదిరింది. ట్యూనా చేపల డబ్బా మూత కత్తితో తీయబోతే జారి, కుడిచేతి ఉంగరపు వేలు లోపల తెగింది. పైన చర్మానికి ఎవరో కుట్లు వేశారు. లోపల వేలిని వంచే తాడు తెగిన సంగతి ఎవరూ చూడలేదు. గాయం మానింది, వేలు మాత్రం కర్రలా నిలబడిపోయింది. వీసా ఇచ్చి తెచ్చుకున్న ఇంటాయన, ఆమె కఫీల్, చెయ్యి పనిచేయకపోతే పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టించి ఇంటికి పంపేస్తానన్నాడు. అతని తల్లి మాత్రం ప్రతిసారీ ఆమెతో పాటు ఆసుపత్రికి వచ్చి, పక్కన కూర్చుని, సంచిలోంచి ఖర్జూరాలు తీసి ఆమె నోటికి అందించేది.

తెలుగు వినబడగానే ఆమె నా కొంగు పట్టుకున్నంత పని చేసింది.

"అక్కా, ఈ ఏలు వంగుతాదా? ఇంటికాడ నాకు చేలు లేవు, చదువు లేదు. ఉండేది ఈ చెయ్యొకటే. ఇది పోతే నేను యాడికి పోయి ఏం చేసి బతకాల?"

తెగిన తాడు ముడుచుకుపోయింది కాబట్టి ఇంకోచోటి నుంచి సన్నని తాడు తెచ్చి వేలిలో వేయాలి. సాధారణంగా మణికట్టు దగ్గర ఒకటుంటుంది. అది లేకపోయినా చేతికి ఏ లోటూ రాదు, అందుకే సర్జన్లు దాన్నే తీస్తారు. ఆపరేషన్ ముందురోజు సాయంత్రం ఇటలీ ఆయన ఆమె పక్కన స్టూలు వేసుకున్నాడు. బొటనవేలూ చిటికెనవేలూ కలిపి మణికట్టు వంచమని నా చేత చెప్పించాడు. రెండు చేతులూ చూశాడు. తర్వాత నీలిరంగు పెన్నుతో మణికట్టు మీద ఏదో గీశాడు, ఎడమ పిక్క మీద మరేదో గీశాడు. కాగితం మీద గీయలేదు. తెల్లారితే కోసేది తనే కదా, చర్మం మీద ఉంటే చాలనుకున్నాడు. ఫైల్లో కూడా రాయలేదు. అది అతను చేసిన తప్పు. ఏం గీశావని నేను అడగలేదు, వేరే వార్డులో పిలిస్తే వెళ్ళిపోయాను.

పొద్దున్నే అబహా పట్నానికి వెళ్ళే దారిలో ఒక వాను బోల్తా పడింది. తలకు దెబ్బ తగిలినవాళ్ళను అబహాలోని పెద్ద ఆసుపత్రికి తరలించడానికి అంబులెన్సులో ఎవరో ఒక సర్జన్ వెళ్ళాలి. ఇటలీ ఆయన వెళ్ళాడు. ఘాటు రోడ్డు, అప్పటికి సెల్‌ఫోన్లు లేవు. అతను సాయంత్రం దాకా దొరకడు. కడప ఆవిడ ఆపరేషన్ వాయిదా పడకూడదని, కఫీల్ మళ్ళీ తీసుకొస్తాడో లేదోనని, చీఫ్ తనే చేస్తానన్నాడు. ఇది ఆయన మంచితనమే. మరిచిపోకండి.

ఆమెకు మత్తు ఇచ్చారు. చీఫ్ ఆమె మణికట్టు మీద పెన్నుతో అడ్డంగా చిన్న గీత పెట్టుకుని, కత్తి కోసం చెయ్యి చాపాడు. కత్తి నా చేతిలో ఉంది. అప్పుడు చూశాను. ఆ మణికట్టు శుభ్రంగా మెరుస్తోంది. నిన్నటి నీలిరంగు లేదు.

"సార్, నిన్న డాక్టరుగారు ఇక్కడ ఏదో గీశారు. ఇప్పుడు లేదు."

"ఏం గీసిండు?"

"తెలియదు సార్. పిక్క మీద కూడా గీశారు."

"పిక్క మీద ఎందుకు గీస్తడు? చేతి ఆపరేషన్ కదమ్మా."

నాకు తెలియదన్నాను. నిజంగా తెలియదు. ఆయన చెయ్యి ఇంకా చాపే ఉంది. కత్తి ఇవ్వడం నా పని. థియేటర్‌లో నర్సు చీఫ్‌ను ఆపడమనేది లేదు. నేను ఆపలేదు కూడా, కత్తి ఇవ్వడం మరిచిపోయి నిలబడ్డాను. కసిరితే ఇచ్చేసేదాన్ని. ఆయన కసరలేదు. కళ్ళు మూసుకున్నాడు. చర్చల గదిలో కుర్చీలో మూసుకున్నట్టే. పేజీలు తిప్పుతున్నాడని మాకు తెలుసు. కాసేపటికి మెల్లగా అన్నాడు: "పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. కొందరికి ఈ తాడు పుట్టుకతోనే ఉండదని. పరీక్ష చేసి చూసుకోవాలని."

కళ్ళు తెరిచి, మత్తు డాక్టరును చెయ్యి చూపించమన్నాడు. ఆయన ఈజిప్టు ఆయన, ఏమీ అర్థం కాక చూపించాడు. బొటనవేలూ చిటికెనవేలూ కలిపి వంచితే మణికట్టు నడుమ తాడు నిటారుగా లేచింది. తర్వాత మలయాళీ నర్సును పిలిచాడు. ఆమె వంచింది. ఏమీ లేవలేదు. చదునుగా ఉంది. ఇంకో చేతికి మాత్రం లేచింది. అప్పటిదాకా తనకలా ఉందని ఆ అమ్మాయికే తెలియదు.

చీఫ్ మత్తులో ఉన్న కడప ఆవిడ కేసి చూశాడు. నిద్రపోయేవాళ్ళ చేత వేళ్ళు కలిపించలేం. ఆ తాడు ఉండాల్సిన చోటికి కాస్త లోపలే, చేతికి స్పర్శనిచ్చే పెద్ద నరం ఉంటుంది. తెల్లగా, తాడులాగే ఉంటుంది. తాడు లేని చేతిలో తాడు కోసం వెతికే కత్తికి దొరికేది అదే. దాన్ని తీసేస్తే ఒక వేలి కోసం వచ్చిన మనిషికి చెయ్యే పోతుంది.

"లేపుండ్రి. ఇయ్యాల కాదు" అన్నాడు.

గ్లవ్స్ తీసి బకెట్లో వేసి, ఎవరినీ చూడకుండా బయటికి వెళ్ళాడు. కోయకుండా పేషెంటును లేపడం మా థియేటర్లో అప్పటిదాకా జరగలేదు. మధ్యాహ్నానికి ఆసుపత్రంతా తెలిసిపోయింది. ఆయన మీద జోకులు కూడా పుట్టాయి.

మెలకువ వచ్చాక కడప ఆవిడకు అయిపోయిందనుకుని మొదట ఆనందం, తర్వాత కోపం వచ్చాయి. కోయలేదని తెలిసి మొహం చిట్లించింది.

"పొద్దన్నించి నోట్లో చుక్క నీళ్ళు పడనీలా. ఇంగ రేపు గూడా పస్తేనా? ఏం ఆసుపత్రమ్మా ఇది?"

చేతి మీద గీసిన గీతలు ఏమయ్యాయని అడిగాను.

"చేతిదీ కాలిదీ నేనే రుద్దేసినా. గిన్నెలు తోమే పీచు సంచిలో ఉండ్లా? ఆయప్ప చిన్నపిల్లోని మాదిరి బొమ్మలేసి పాయ. ఆపరేషన్‌కి మురికిచేత్తో పోతారా ఎవురన్నా?"

ఆమెకు తిట్లు పడతాయేమో అనుకున్నాను. అది తప్పని నాకు అనిపించలేదు. పొయ్యి మీద నుంచి దించిన గిన్నె ఎలా తోముతుందో తన చేతినీ అలాగే తోముకుంది. ఎందుకు గీశారో మాలో ఒక్కరూ ఆమెకు చెప్పలేదు.

మర్నాడు రౌండ్స్‌కు చీఫ్ వచ్చాడు. మంచం కాళ్ళ దగ్గర ఆగలేదు. ఇటలీ ఆయన స్టూలు వెతికి తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఖర్జూరాల ముసలావిడ ఎదురుగా ఉంది. ఆవిడను అరబ్బీలో అనుమతి అడిగాడు. ఆవిడ నవ్వి, డాక్టరువి కదా, పట్టుకోకుండా ఎలా చూస్తావు అంది. ఇన్నేళ్ళ మర్యాద ఆ ఒక్క మాటతో పోయింది.

"అమ్మా, నీ చెయ్యి ఒకసారి ఇయ్యి" అన్నాడు చీఫ్.

ఆమె ఇచ్చింది. వేళ్ళు కలిపింది, వంచింది. లేదు. రెండో చెయ్యి. అక్కడా లేదు. ఇటలీ ఆయన గీసింది అదేనన్నమాట, మణికట్టులో తాడు లేదు, పిక్కలోంచి తీయాలని. ఆయన ఆ చెయ్యి వెంటనే వదల్లేదు. చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. ఆయన కళ్ళు తడయ్యాయి. ఆమె నావైపు తిరిగి, ఈ సారుకు ఏమైందని సైగ చేసింది. ఏమీ కాలేదని నేనూ సైగ చేశాను.

ఆ వారమే ఇద్దరు సర్జన్లూ కలిసి ఆపరేషన్ చేశారు. ఇటలీ ఆయన పిక్కలోంచి తాడు తీశాడు, చీఫ్ పక్కన నిలబడి సాయం చేశాడు. ముందుగా ఇటలీ ఆయన ఫైల్లో పూర్తిగా రాసి, రాశానని చీఫ్‌కు చూపించాడు. తర్వాత నెలల తరబడి నేను ఆమె చేత వేలు వంచించాను. పూర్తిగా వంగలేదు. గ్లాసు పట్టుకునేంత, పిండి పిసికేంత, చీపురు బిగించేంత వంగింది. ముసలావిడ పట్టుబట్టి కొడుకు చేత ఎగ్జిట్ మాట మాన్పించింది. ఆమె ఇంకా కొన్నేళ్ళు అక్కడే పనిచేసి ఇంటికి వెళ్ళింది.

చర్చల గదిలో ఆ తర్వాత కుర్చీ అలాగే ఉంది. చీఫ్ దానిలో కూర్చోవడం మానలేదు, మోకాళ్ళ నొప్పులు. కానీ గ్రంథం అప్పజెప్పే ముందు, "పేషెంటును ఎవరు పట్టుకుని చూసిన్రు?" అని అడగడం మొదలుపెట్టాడు. పిల్లలూ, పుస్తకం మీద కోపం పెంచుకోకండి. ఆమె చేతిని కాపాడిన మాట పుస్తకంలోనే ఉంది. పేజీ అడుగున ఉంది. గ్రంథాన్ని ఎదుటివాడి మీదికెత్తే కర్రగా పట్టుకునే వాళ్ళ మీదే నా కోపం. వాళ్ళు పూజగదుల్లోనే ఉంటారనుకుంటే పొరపాటు. ఆసుపత్రుల్లో ఉన్నారు, యూనివర్సిటీల్లో ఉన్నారు, మా హేతువాద సభల్లో ముందు వరసలోనే ఉన్నారు.

రిటైరై వచ్చాక విజయవాడలో నేను దేహదానం గురించి ఉపన్యాసాలు ఇస్తుండేదాన్ని. చప్పట్లు బాగా కొట్టేవారు. మా బంధువుల్లో ఒక్కరూ సంతకం పెట్టలేదు. ఒకరోజు కడప నుంచి ఫోన్ వచ్చింది. గొంతు మారలేదు. కుశల ప్రశ్నలయ్యాక అడిగింది.

"అక్కా, నేను సచ్చినాక నా చెయ్యి డాక్టరు సదువు పిల్లోల్లకు పనికొస్తాదా? అందరికి ఉండే తాడు నాకు లేదన్నారు గదా. సూపిస్తే వాళ్ళు మర్సిపోరు."

నేను ఆమెకు ఎప్పుడూ ఉపన్యాసం ఇవ్వలేదు. చెయ్యి ఒక్కటే ఇవ్వడం కుదరదు, దేహమంతా ఇవ్వాలని చెప్పాను. "అట్లే ఇచ్చేది. కాల్చి ఏం చేస్తారు?" అంది. కాగితాలు పంపించాను. సంతకం పెట్టినంత మాత్రాన కాదు, ఆ రోజు ఇంట్లోవాళ్ళు ఒప్పుకోకపోతే కాలేజీ వాళ్ళు తీసుకోరని కూడా చెప్పాను. ఆమె ఒక పండగనాడు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, అన్నం తింటుండగా చెప్పిందట. అన్నలు కంచాల ముందు నుంచి లేచిపోయారట. మళ్ళీ పిలిచి కూర్చోబెట్టి మళ్ళీ చెప్పిందట.

పోయిన ఏడు ఆమె పోయింది. చెల్లెలు ఫోన్ చేసింది. పెద్దన్న కట్టెలు తెప్పించాడనీ, తను గుమ్మానికి అడ్డంగా నిలబడి, అక్క మాట అందరమూ విన్నామా లేదా అని అడిగాననీ చెప్పింది. విననివాడు ఎవడూ లేడు. సాయంత్రానికి కాలేజీ బండి వచ్చింది. మర్నాడు నేను వెళ్ళేసరికి మొదటి సంవత్సరం పిల్లలు బల్ల చుట్టూ నివాళిగా తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. ఇష్టపడి వచ్చిన మనిషి చుట్టూ నిలబడ్డారు. పదువా ఆయన ఉంటే చూపించేదాన్ని.

మన వైద్య కళాశాలల్లో బల్లల మీదికి ఇవాళ్టికీ ఎక్కువగా వచ్చేది ఎవరూ అడగని వాళ్ళే, రైల్వే ప్లాట్‌ఫారాల మీద పోయినవాళ్ళూ, పెద్దాసుపత్రి వరండాల్లో పోయినవాళ్ళూ. వాళ్ళ మీద నేర్చుకున్న డాక్టర్ల చేతే మీరూ నేనూ వైద్యం చేయించుకుంటున్నాం. చప్పట్లు కొట్టకండి, చాలు. దగ్గరలోని వైద్య కళాశాలకు వెళ్ళి దేహదానం కాగితం తెచ్చుకుని సంతకం పెట్టండి. ఇవాళ అన్నానికి కూర్చున్నప్పుడు ఇంట్లో అందరికీ నోరు తెరిచి చెప్పండి. వాళ్ళు కంచం ముందు నుంచి లేచిపోతే, పిలిచి కూర్చోబెట్టి మళ్ళీ చెప్పండి.